నాట్యం వార్త వింతల పేజీలోనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇరాన్‌లో వీధిలో డాన్స్ చేశారని అమ్మాయిల్ని అరెస్టు చేసిన వార్త ఈ మధ్య ఒక ఆదివారం మీ పత్రికలో వచ్చింది. దాన్ని వింతలు-విశేషాల శీర్షిక కింద వేశారు. పక్కనే రెండు తలల మేకపిల్ల ఫొటో. వార్తలో ఆ పిల్లల పేర్లు లేవు, ఏ ఊరో లేదు. 'ఆ దేశంలో అంతే మరి!' అన్నట్టు ఒక ముగింపు. నేను ఎన్నో ఏళ్లుగా పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నదాన్ని. ఆ పేజీ చూసి మనసు చివుక్కుమంది. ఉత్తరం పొడుగైందని తెలుసు. చోటు చాలకపోతే కత్తిరించుకోండి, కానీ పాకిస్తాన్ గురించీ మన గోదావరి జిల్లాల గురించీ రాసిన భాగాలు మాత్రం ఉంచమని కోరుతున్నాను.

ముందు ఇరాన్ సంగతి. 1979 ఇస్లామిక్ విప్లవానికి ముందు టెహరాన్‌లో ప్రభుత్వమే నడిపే జాతీయ బాలే బృందం ఉండేది. 1958లో మొదలైంది. జానపద నృత్యాలకి వేరే బృందం ఉండేది. విప్లవం తర్వాత ఇవన్నీ మూతపడ్డాయి. అక్కడి ప్రభుత్వ టీవీలో ఆడవాళ్ల నాట్యం ఎలాగూ ఉండదు, చివరికి వాద్యాన్ని కూడా కనపడనివ్వరు. పాట వినిపిస్తూనే ఉంటుంది. తార్ అనే తంత్రీవాద్యాన్ని మీటే చెయ్యి కనపడాల్సిన చోట పూలకుండీ పెడతారు, లేదంటే ఏ కొండో జలపాతమో చూపిస్తారు. వాద్యానికే ఇంత దాపరికం ఉంటే, తాళానికి కదిలే ఆడమనిషి శరీరానికి చోటెక్కడుంటుంది?

మాయెదే హొజబ్రీ అనే అమ్మాయి తన గదిలో డాన్స్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునేది. టీనేజ్ పిల్ల. 2018 జూలైలో ప్రభుత్వ టీవీ ఆ అమ్మాయిని ముఖం మసక చేసి కూర్చోబెట్టి, ఆమె ఏడుస్తూ సంజాయిషీ ఇస్తుంటే దేశమంతటికీ చూపించింది. నాట్యానికి చోటివ్వని టీవీ నర్తకి కన్నీళ్లకి చోటిచ్చింది. ఆ తర్వాత ఎంతోమంది ఇరాన్ ఆడవాళ్లు ఆమెకి తోడుగా తామూ డాన్స్ చేస్తూ వీడియోలు పెట్టారు. 2023 జనవరిలో, టెహరాన్ ఆజాదీ టవర్ ముందు డాన్స్ చేసిన ఆస్తియాజ్ హగీగీకీ, ఆమెకి కాబోయే భర్తకీ 10 ఏళ్లకు పైగా జైలుశిక్ష వేశారన్న వార్త ప్రపంచమంతా వచ్చింది. ఇవి మేకపిల్ల పక్కన వేసే వార్తలా?

నాకు ఇంకా దగ్గరగా తగిలేది పాకిస్తాన్ కథ. అక్కడ మూగబోయినవి మనకి బాగా తెలిసిన నాట్యాలే. కథక్, భరతనాట్యం, ఒడిస్సీ. మన టీవీల్లోనూ సభల్లోనూ వాటికి చప్పట్లు కొడుతున్న రోజుల్లోనే, పక్క దేశంలో అవి తెరమీద కనపడకుండా పోయాయి.

అక్కడి ప్రభుత్వ టెలివిజన్ 1964 నవంబరులో లాహోర్‌లో మొదలైంది. 1970ల్లో అందులో 'పాయల్' అని ఒక నాట్య కార్యక్రమం వచ్చింది. చేసినావిడ నాహిద్ సిద్దీఖీ, కథక్ నర్తకి. ఆమె గురువు మహారాజ్ గులాం హుస్సేన్ లక్నో సంప్రదాయం నేర్చి, దేశం రెండుగా చీలాక అక్కడికి వెళ్లి స్థిరపడినవాడు. 1977 జూలై 5న జనరల్ జియా ఉల్ హక్ అధికారం చేజిక్కించుకున్నాడు. ఆ తర్వాత ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. మతానికీ మర్యాదకీ సరిపడదన్నారు.

కథక్ చూసినవాళ్లకి తెలుసు, ఆ వేషంలో ఒళ్లు కనపడేదేమీ లేదు. పొడుగు చేతుల అంగరఖా, కింద చూడీదార్, పైన దుపట్టా. కనపడేది ముఖం, చేతులు, పాదాలు. మరి వాళ్లకి నచ్చనిదేమిటి? నాట్యం నేర్పే మనిషిగా నాకు తోచింది చెప్తాను. కథక్ నర్తకి చక్కర్లు తిరిగి తిరిగి సమ్ మీద, అంటే తాళం మొదటి మాత్ర మీద, టక్కున ఆగుతుంది. మెడ, చూపు, చెయ్యి, పాదం నాలుగూ ఒకే మాత్ర మీద పడాలి. వెంట్రుకవాసి తప్పినా తబలాకీ ఆమెకీ మధ్య సందు తెలిసిపోతుంది. అలా ఆగినప్పుడు ఆమె తలెత్తి సూటిగా సభవైపే చూస్తుంది. ఆ చూపులో బెరుకుండదు, ఎవరి అనుమతీ కోరదు. దేశంలో ప్రతి ఇంటి ముందుగదిలోకీ ఆ చూపు వెళ్తుందంటే భయపడేవాళ్లు ఉంటారు. బట్ట నిండుగా కప్పినా వాళ్ల భయం తీరదు.

ఆ రోజుల్లోనే టీవీలో వార్తలు చదివే ఆడవాళ్లు తలమీద దుపట్టా వేసుకుని తీరాలన్నారు. మెహతాబ్ చన్నా అనే ఆవిడ నేను వేసుకోనని కార్యక్రమం వదులుకుంది. నాటకాల్లో ఆడపాత్రలు ఇంట్లో నిద్రపోతున్నా తల మీద ముసుగుతోనే కనపడేవని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాహిద్ సిద్దీఖీ బ్రిటన్ వెళ్లిపోయింది. బర్మింగ్‌హామ్‌లో ఉంటూ నాట్యం చేసింది, నేర్పింది. లాహోర్ ఆడపిల్లలు నేర్చుకోవాల్సిన విద్య ఇంగ్లండు పిల్లలకి దక్కింది. ఆమెకి తర్వాత పాకిస్తాన్ ప్రభుత్వమే పెద్ద పురస్కారం ఇచ్చింది. సంతోషమే. మధ్యలో పోయిన ఏళ్లని ఏ పురస్కారం తెచ్చిస్తుంది?

కరాచీలో షీమా కెర్మానీ మాత్రం అక్కడే ఉండిపోయింది. భరతనాట్యం, ఒడిస్సీ నేర్చిన మనిషి. ఢిల్లీకి వచ్చి కూడా నేర్చుకుంది. 1979లో తెహ్రీక్-ఎ-నిస్వాఁ అనే మహిళా బృందాన్ని పెట్టి, నాటకాలతో పాటు నాట్యాన్నీ బతికించుకుంటూ వచ్చింది. ప్రదర్శన పెట్టాలంటే అధికారుల దగ్గర నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నాట్యం అని రాస్తే అది వచ్చేది కాదు. 2017 ఫిబ్రవరి 16న సింధ్‌లోని సెహ్వాన్‌లో లాల్ షహబాజ్ ఖలందర్ దర్గాలో బాంబు పేలి 80 మందికి పైగా చనిపోయారు. సాయంత్రం ధమాల్ అనే సూఫీ భక్తి నాట్యం జరిగే వేళకి పేల్చారు. కొద్దిరోజుల్లోనే షీమా కెర్మానీ అక్కడికి వెళ్లి, ఆ ప్రాంగణంలోనే ధమాల్ ఆడింది. చుట్టూ జనం. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. మా పిల్లలందరికీ చూపిస్తాను. ఆమె అడుగుల్ని చూడమంటాను, ఆ చుట్టూ నిలబడ్డ మగవాళ్ల ముఖాల్నీ చూడమంటాను.

ఇందూ మిఠా గారి పేరు కూడా చెప్పాలి. లాహోర్‌లో పుట్టిన బెంగాలీ అమ్మాయి, ఒక పాకిస్తాన్ సైనికాధికారిని పెళ్లి చేసుకుని, ఆ దేశంలో ఏళ్ల తరబడి భరతనాట్యం నేర్పింది. ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు మొండిగా నిలబడబట్టే అక్కడ నాట్యం ఈమాత్రమైనా మిగిలింది.

టీవీలో కనపడకపోతే ఏమైంది, ఇంట్లో నేర్చుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. టీవీ చేసే పని ఏమిటో నా అనుభవంలోనే చూశాను. 1980ల్లో మేము హైదరాబాద్‌లో ఉండేవాళ్లం, మావారి ఉద్యోగం అక్కడ. రామంతపూర్ దూరదర్శన్ స్టూడియోలో నాదొక అంశం రికార్డు చేశారు. లైట్ల వేడికి ముఖానికి వేసిన రంగు కరుగుతోంది, నేల మీద మైకు గజ్జెల మోత ఎక్కువ పట్టేస్తోందని ఆపి మళ్లీ చేయించారు. ప్రసారమైంది కొద్ది నిమిషాలే. కానీ ఆ వారంలోనే మా వీధి చివర ఉండే ఆర్టీసీ కండక్టరు గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అంతకుముందు ఆ పిల్ల మా కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటే వాళ్లమ్మ చెయ్యి పట్టుకు లాక్కెళ్లేది. "టీవీలో వేశారంటే మర్యాదైన విద్యే అయ్యుంటుంది కదమ్మా, మా పిల్లకీ నేర్పండి" అన్నారాయన. ఆయన్ని నేను తప్పు పట్టను. మామూలు సంసారాల్లో ఆడపిల్లని నాట్యానికి పంపాలంటే పది నోళ్లకి జవాబు చెప్పుకోవాలి. సర్కారు వాళ్ల టీవీ ఆయన తరఫున ఆ జవాబు చెప్పింది.

అదే సర్కారు టీవీ ఒక రాత్రి నుంచి నాట్యం చూపించడం మానేస్తే, అలాంటి తండ్రికి అందే మాట కూడా అర్థమవుతుంది. ఏ పోలీసూ ఇంటికి రానక్కర్లేదు. ఆ తండ్రే పిల్లని మాన్పించేస్తాడు. పిల్లలు రాకపోతే గురువుకి బియ్యం ఖర్చు వెళ్లదు. గురువు ఇంకో పని చూసుకుంటుంది, లేదా దేశం దాటుతుంది. నాట్యం పుస్తకంలో దాచుకునే విద్య కాదు. అది చల్లకి తోడు లాంటిది, నిన్నటిది కాస్త మిగలకపోతే రేపు పాలు ఎన్ని ఉన్నా తోడుకోవు.

ఇక 'వాళ్ల మతమే అంత' అనేవాళ్లకి ఒక మాట. కూచిపూడి నేర్చిన ప్రతి పిల్లా మొదటి పాఠాల్లోనే వినే కథ ఉంది. గోల్కొండ నవాబు తానీషా కూచిపూడి కళాకారులైన భాగవతుల ప్రదర్శన చూసి ముచ్చటపడి, కూచిపూడి గ్రామాన్ని వాళ్లకి అగ్రహారంగా రాసిచ్చాడని. ఆ కుతుబ్‌షాహీల మూలపురుషులు ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు. ఏ షియా సంప్రదాయం పేరు చెప్పి ఇవాళ టెహరాన్‌లో ఆడపిల్లని ఏడిపిస్తున్నారో, ఆ సంప్రదాయంలో పుట్టిన రాజే మా నాట్యానికి భూమి ఇచ్చాడు. హైదరాబాద్‌లో మహ్ లఖా బాయి చందా ఉర్దూలో గజళ్లు రాసింది, నాట్యం చేసింది, నిజాం దర్బారులో గౌరవం పొందింది. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. షియాలు మొదటి ఇమాముగా కొలిచే హజ్రత్ అలీ అంటే ఆమెకి ప్రాణం. మతం ఒక్కటే, పాలించేవాళ్లు వేరు. మీ విలేకరులు ఈ తేడా పట్టించుకోవాలి.

మన చేతులూ అంత శుభ్రంగా లేవు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. అప్పుడు మా గోదావరి జిల్లాలు ఆ రాష్ట్రంలోవే. పసిపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడం ఆపాలన్నది న్యాయమైన పని, అందులో నాకు రెండో మాట లేదు. ఆ బతుకులో నలిగినవాళ్లే ఎంతోమంది ఆ చట్టం కోరుకున్నారు. కానీ అదే చట్టం గుళ్లలో, దేవుడి ఊరేగింపుల్లో ఆడవాళ్లు నాట్యం చెయ్యడాన్ని కూడా నేరం చేసింది. 1956లో ఆంధ్రలో పెళ్లిళ్ల మేళాల మీదా, అంటే పెళ్లిళ్లలో ఆ ఆడవాళ్లు చేసే ఆటపాటల మీదా, నిషేధం పెట్టారు. పిల్లని కాపాడడానికి నాట్యాన్ని చంపనక్కర్లేదు. రెండూ కలిపేశారు. ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల ఇళ్లలో తరాలుగా వచ్చిన విద్య పెట్టెలోకి వెళ్లిపోయింది, ఆ తర్వాత కొన్నాళ్లకే ఇంకో కులాల ఆడపిల్లలం మేము అవే అభినయాలు సభల్లో చేసి శాలువాలు కప్పించుకున్నాం.

1970లో నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఆ పెద్దావిడల్ని వెతికి పట్టుకుని హైదరాబాద్‌లో సదస్సు పెట్టబట్టి ఆ విద్య ఆంధ్రనాట్యం అనే పేరుతో మళ్లీ తేలింది. ఆ తర్వాత నర్తకి స్వప్నసుందరి గారు బల్లిపాడు సారిదె మాణిక్యమ్మ గారి లాంటివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుని ఆ విద్యనే విలాసినీ నాట్యం పేరుతో వేదికెక్కించారు. వాళ్లిద్దరికీ మనం ఎంత రుణపడి ఉన్నామో. అయినా అభినయించే ఎన్ని పదాలు, సలాములనే ఎన్ని నాట్యాంశాలు ఆ పెద్దవాళ్లతోనే పోయాయో లెక్క లేదు.

నేనూ ఒకావిడ దగ్గర కొంత నేర్చుకున్నాను. ముమ్మిడివరం వైపు ఒక పల్లె. పేరు చెప్పను, ఆ కుటుంబం ఒప్పుకోదు. నేను వెళ్లేసరికి మామ్మగారికి చూపు కూడా తగ్గింది. అభినయం కూర్చునే చెప్పేవారు, వాళ్ల పద్ధతే అది. పదం ఎత్తుకునే ముందు "ఆ కిటికీ తలుపులు దగ్గరికెయ్యి పాపా" అనేవారు. కొడుకు ఉద్యోగస్థుడు. చుట్టుపక్కలవాళ్లకి వినిపిస్తే మనవరాలి సంబంధాలు చెడతాయని ఆయన భయం. ఆ మూసిన గదిలో, చెమటలు కారుతుండగా, ఆవిడ ఒక్క చరణానికే ఎన్ని రకాల చూపులు చూపించేవారో! నాయకుడు ఆలస్యంగా వచ్చాడు. ముందు కనుబొమ కదలాలి, తర్వాత కన్ను, ఆ తర్వాతే మాట. "కన్ను ముందు తిరిగితే కోపం, బొమ ముందు లేస్తే అలక. అలకలో ప్రేముంటది" అని నా గడ్డం పట్టుకుని సరిచేసేవారు. దీపం వత్తి ఎగదోసే ముద్రలో చిటికెనవేలు ఎంత వంగాలో మళ్లీ మళ్లీ పట్టించేవారు. బయట ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే గొంతు ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టేసుకునేవారు. చట్టం వచ్చి అన్ని దశాబ్దాలైనా ఆ ఇంట్లో ఆ భయం అలాగే ఉంది.

అందుకే కరాచీలో తలుపులు వేసుకుని నాట్యం నేర్చుకున్న ఆడపిల్లల గురించి చదివినప్పుడల్లా, అది ఎక్కడో పరాయి దేశపు సంగతని నాకు అనిపించదు.

ఇంకో అభ్యంతరం నాకు ఎదురయ్యేది మా పిల్లల తల్లిదండ్రుల నుంచే. "మేడమ్, మన టీవీ డాన్స్ షోల్లో ఆ చిన్నపిల్లల చేత చేయించే గెంతులు చూస్తే సెన్సారు ఉంటేనే నయం అనిపిస్తుంది" అంటారు. వాళ్ల బాధ నాకూ ఉంది. ఏడేళ్ల పిల్లకి పెద్దవాళ్ల పాట ఇచ్చి, నడుము తిప్పించి, జడ్జీలు లేచి ఈలలు వేయడం నేను చూడలేను. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇలాంటి షోల గురించి చానళ్లకి సూచన ఇచ్చింది, పిల్లల్ని అసభ్యంగా చూపించవద్దని. మంచి పని చేసింది. కానీ పసిపిల్లని కాపాడడం వేరు, వయసొచ్చిన ఆడమనిషి తన ఇష్టంతో, తన విద్యతో తెరమీద నిలబడితే లాగేయడం వేరు. పిల్ల విషయంలో అడగాల్సింది ఆ పిల్లకి ఇది తగునా అని. పెద్దమనిషి విషయంలో ఆ ప్రశ్న ఆమెకి ఆమే వేసుకుంటుంది. పాకిస్తాన్‌లో, ఇరాన్‌లో ఆ ప్రశ్న ఆమెని అడగనే లేదు. చూసే మగవాడి మనసు చెదురుతుందేమోనని అడిగారు. చూపు అదుపులో పెట్టుకోవాల్సినవాడు ఒకడైతే, గజ్జెలు విప్పాల్సింది ఇంకొకరా?

మన దగ్గర కూడా ఈ ధోరణి అప్పుడప్పుడు తల ఎత్తుతోంది. మా విద్యార్థిని ఒకమ్మాయి పెళ్లైన తర్వాత నాట్యం వీడియో ఫేస్‌బుక్‌లో పెడితే, అత్తవారింటి వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన "కోడలు ఇలా నలుగురిలో ఎగరడం మన ఇంటా వంటా లేదు" అని రాశాడట. ఆ అమ్మాయి వీడియో తీసేసింది. ఇప్పుడు ఫోన్ చేస్తే "టైమ్ దొరకట్లేదు టీచర్" అంటుంది. చక్కటి అభినయం ఉన్న పిల్ల, సత్యభామ ప్రవేశం ఆ పిల్ల చేస్తుంటే జడ వెయ్యడం దగ్గరే సభ కదిలిపోయేది. ఆ పెద్దాయన ఏ చట్టమూ చెయ్యలేదు, ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. ఒక్క మెసేజ్ పెట్టాడు.

సంపాదకులు గారూ, మిమ్మల్ని అడిగేది ఇదీ. ఇకమీదట ఇలాంటి వార్త వస్తే ప్రపంచ వార్తల పేజీలోనో, కళల పేజీలోనో వెయ్యండి. ఆమె పేరు రాయండి, ఏ నాట్యం చేసిందో రాయండి, ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిస్తే అదీ రాయండి. షీమా కెర్మానీ గురించి, నాహిద్ సిద్దీఖీ గురించి మీ మహిళా పేజీలో ఒక్కొక్క వ్యాసం వేస్తే, చదివే మా పిల్లలకి ఆ పేర్లు తెలుస్తాయి. అలాగే కోనసీమలో, పశ్చిమగోదావరిలో మేళం చేసిన ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. పాత పదాలు గుర్తున్న పెద్దావిడలు ఒకరిద్దరైనా ఉంటారు. ఎవరినైనా పంపించి వాళ్ల మాటలు రాయించండి. నాకు తెలిసిన ఇళ్లలో ముందుగా నేనే వెళ్లి అడుగుతాను. ఫొటో వద్దంటే వద్దు, పేరు వద్దంటే వద్దు. వాళ్లు సరే అన్న తర్వాతే మీకు కబురు చేస్తాను. వచ్చేది ఆడ విలేకరి అయితే ఇంకా మంచిది. వచ్చిన అమ్మాయి భోజనం, వసతి మా ఇంట్లోనే.

ఇట్లు,
ఒక కూచిపూడి నాట్య ఉపాధ్యాయిని,
అమలాపురం